బాయిలర్ బాబాయి ఇంట్లో వేణ్ణీళ్ళు

ముందు నా తప్పు ఒప్పేసుకుని మొదలుపెడతాను. బాయిలర్ బాబాయి కథని ఇప్పటికే ఒకసారి చెప్పేశాను, అదీ అడ్డదిడ్డంగా. టీ కొట్టు దగ్గర నలుగురు పోగైతే నా నోరు ఊరుకోదు కదా. "ఊరందరికీ వేణ్ణీళ్ళు పోయించే మనిషి ఇంట్లో వేణ్ణీళ్ళకి కరువొచ్చిందట! కొడుకు పొద్దున బాత్రూములో దూరితే మధ్యాహ్నానికి గానీ బయటికి వచ్చేవాడు కాదట. లోపల మేకప్ సామాను ఎంతుందో!" అన్నాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బాబాయి నా వెనకాలే నిలబడి ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో సగం తాగిన టీ. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటికి నాకు తెలిసింది సగం కథే, అదీ నవ్వొచ్చే సగం. మిగతా సగం ఆయనే తర్వాత చెప్పాడు. విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే అరచేతిలో పెట్టినట్టు, కొంచెం కొంచెంగా. కాబట్టి ఇదిగో, ఈసారి మొత్తం.

బాయిలర్ బాబాయికి అసలు పేరొకటి ఉంది. అది ఆయన భార్యకీ కరెంటు ఆఫీసుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. గీజర్లు బిగించడం, విప్పడం, బాగుచేయడం ఆయన పని. ఎవరింటికి వెళ్ళినా ముందు స్క్రూడ్రైవరు తీసేవాడు కాదు. చెప్పులు గుమ్మంలో విడిచి, స్టూలెక్కి, ట్యాంకుని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

"లోపల సున్నం గడ్డకట్టిందమ్మా. దీనికి మీరు స్నానం చేయించి ఎన్నాళ్ళైంది?"

"మా అత్తగారిని కూడా ఓసారి అలా తట్టి చూడు బాబాయ్, లోపలేం గడ్డకట్టిందో" అనేది ఆ ఇంటి కోడలు, గొంతు తగ్గించి.

"ఆవిడకి గ్యారంటీ అయిపోయింది తల్లీ. నేను చెయ్యి పెట్టను."

పని అయ్యాక వేడి ఎంతుండాలో తిప్పే మీట తనే సరిచేసి, అది ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్రటి చుక్క ఒకటి పెట్టేవాడు. భార్య గోళ్ళ రంగు సీసా ఎప్పుడూ ఆయన సంచిలోనే ఉండేది. ఆవిడ గోళ్ళకి మాత్రం ఏనాడూ రంగుండేది కాదు. మళ్ళీ ఎప్పుడైనా ఆ ఇంటికి వెళ్తే ముందు ఆ చుక్క చూసేవాడు. మీట చుక్క దాటి జరిగి ఉంటే, "ఎవరండీ దీన్ని గెలికింది? మీరు మనుషుల్ని కడుగుతున్నారా, కోడిని ఉడకబెడుతున్నారా?" అని రేగిపోయేవాడు.

ఇంకో విషయంలో అయితే మరీ చాదస్తం. గీజరులో చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. నీళ్ళు మరీ కాగిపోతే అదే కరెంటుని ఆపేస్తుంది. మాటిమాటికీ ఆగిపోతోంది, అది తీసేసి తీగలు కలిపెయ్యమని కొందరు అడిగేవాళ్ళు. "అది తీసిన ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా తాగను" అని సంచి భుజాన వేసుకునేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి అని నేను చెప్పక్కర్లేదు, ఆయనే మర్చిపోలేకపోతున్నాడు.

ఇక కొడుకు. వాడి పేరు బుడ్డోడు. నెల తక్కువగా పుట్టి అరచేతిలో ఇమిడేంత ఉన్నాడని అలా పిలిచారు. పదహారేళ్ళు వచ్చేసరికి గుమ్మంలోంచి తల వంచుకుని రావాల్సినంత ఎదిగినా పేరు మాత్రం ఎదగలేదు. సెలవులొస్తే తండ్రి వెంట పనికి వెళ్ళేవాడు. పాత ట్యాంకు భుజానికెత్తుకుని, ఈల వేసుకుంటూ, లిఫ్టు లేని మేడలు ఎక్కి దిగేవాడు. "నా కొడుకుని చూడండి, క్రేను!" అని బాబాయి కనిపించిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు.

ఆ ఏడు సెలవుల్లో క్రేను మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ట్యాంకు ఒళ్ళో పెట్టుకుని, గోడకి జారబడి, నోరు తెరుచుకుని గాలి లాగుతున్నాడు. గుండె కొట్టుకోవడం చొక్కా మీదికి కనిపిస్తోంది.

"ఏంట్రా, అప్పుడే ముసలాడివైపోయావా?"

"మెట్లు ఎక్కువయ్యాయి నాన్నా."

"పోయినేడు ఉన్నవేరా ఇవి. నువ్వే తగ్గావు" అని బాబాయి నవ్వి, ట్యాంకు తనే ఎత్తుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆయనకి ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. పొద్దున లేస్తూనే కడుపు పట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తేవాడు. లోపల ఏమీ లేకపోయినా పసుపుపచ్చటి నీళ్ళు కక్కేవాడు. నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. పరీక్షల భయమంది తల్లి. ఆవిడ దర్జీ దుకాణంలో గుండీలు కుడుతుంది, ఏ సమస్యకైనా వెంటనే ఒక గుండీ కుట్టేస్తుంది. బయట తిండి అన్నాడు తండ్రి. బుడ్డోడు మాత్రం బాత్రూములోకి వెళ్ళి గీజరు వేసుకునేవాడు. మొదట్లో కాసేపే. తర్వాత తర్వాత తలుపు కిందనుంచి ఆవిరి హాల్లోకి వచ్చేదాకా. బయటికి వచ్చేటప్పుడు ఒళ్ళంతా కందిపోయి ఉండేది గానీ ముఖంలో కాస్త కళ తిరిగి వచ్చేది.

"హాయిగా ఉందమ్మా ఇప్పుడు. అన్నం పెట్టు."

ఒకరోజు బాబాయి తల పైకెత్తి చూస్తే తన గీజరు మీట ఎర్ర చుక్క దాటి చివరికంటా తిరిగి ఉంది. ఇంకో తండ్రైతే, ఇంత సలసలా కాగే నీళ్ళు వీడికెందుకు అని అడిగేవాడు. బాబాయికి ఆ ప్రశ్న రాలేదు. నీళ్ళు సరిగ్గా కాగడం లేదు కాబోలు, కాయిలు నీరసపడి ఉంటుంది అనుకున్నాడు. "ఊరందరివీ బాగుచేసి సొంతింటిదాన్ని గాలికొదిలేశాను చూడు" అని తనని తనే తిట్టుకుని, ట్యాంకు విప్పి, సున్నం పెచ్చులు గీకి, కొత్త కాయిలు బిగించాడు. కొడుకు సన్నగా అవుతున్నాడు, తండ్రి గీజరుకి వైద్యం చేస్తున్నాడు.

వాంతులు మరీ ఎక్కువైనప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపుకి స్కానింగ్ చేశారు, గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ఏమీ దొరకలేదు. అక్కడి నర్సమ్మ తల్లిని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది, "బాబుకి గంజాయి లాంటి అలవాటేమైనా..."

ఆ మాట బాబాయి చెవిన పడింది. "ఏమ్మా! మా ఇంట్లో సిగరెట్టు వాసన కూడా తెలీదు. మీకు రోగం దొరక్కపోతే మా పిల్లాడి మీద రుద్దుతారా?"

"అడగాలండీ, అడగడం మా పని. ఒంటేలుకి ఒక పరీక్ష చేస్తే తేలిపోతుంది."

"చెయ్యండి! ఇప్పుడే చెయ్యండి!"

చేశారు. గంజాయి జాడ లేదని వచ్చింది. బాబాయి ఆ కాగితం జెండాలా పట్టుకుని వార్డంతా తిరిగాడు. నర్సమ్మ, "మంచిదే కదండీ" అని తన పని తను చూసుకుంది. డాక్టరు అసిడిటీ మాత్రలు రాసిచ్చాడు.

దారిలో బుడ్డోడు అడిగాడు, "అంతా నార్మలేనా నాన్నా?"

"నార్మలేరా. నా కొడుకువి కాదూ!"

ఆ మాటకి కొడుకు ముఖంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. నింద పోయినందుకు అనుకున్నాడు తండ్రి.

నెల తిరక్కుండా మళ్ళీ మొదలైంది. ఈసారి మాత్రలు కూడా కడుపులో నిలవలేదు. బుడ్డోడు షవరు కింద నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ట్యాంకులో నీళ్ళు అయిపోయి చల్లబడితే లోపల్నుంచి చిన్నపిల్లాడిలా ఏడుపు వినిపించేది. "నాన్నా, చల్లబడిపోయాయి నాన్నా! ఏదో ఒకటి చెయ్యి నాన్నా!"

చేశాడు. ఏదో లాడ్జిలో తీసేసిన పెద్ద ట్యాంకు తెచ్చి, గోడకి కొత్త బోల్టులు కొట్టి బిగించాడు. పిల్లాడు మీట చివరికి తిప్పేసరికి ఆ చిన్న బిళ్ళ ఊరుకోలేదు, కరెంటు ఆపేసింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆపింది. లోపల ఏడుపు. బాబాయి స్టూలెక్కి బిళ్ళ తీసేసి, రెండు తీగలూ కలిపి టేపు చుట్టాడు.

కింద స్టూలు పట్టుకున్న భార్య అంది, "అది తీయకూడదని నువ్వేగా ఊరంతా చెప్తావు?"

"ఊళ్ళో నేనుండను కదే. మనింట్లో నేనున్నాను."

కానీ మనిషన్నాక పనికి వెళ్ళకుండా ఎలా కుదురుతుంది? ఒక ఉదయం ఎవరింట్లోనో వాల్వు మారుస్తుంటే భార్య ఫోను చేసింది. "నీళ్ళు పోతున్న చప్పుడు వస్తూనే ఉంది. పిలిస్తే పలకట్లేదు. తలుపు తీయట్లేదు."

పనిముట్లు అక్కడే వదిలేసి వచ్చాడు. తలుపు బద్దలుకొట్టలేదు. అలవాటు పోదు కదా, వంటింటి కత్తితోనే తలుపు బందుల సీలలు లాగి రెక్క పక్కకి పెట్టాడు. లోపల ఆవిరిలో ఏమీ కనపడలేదు. చేతులతో తడుముకుంటూ వెళ్ళి కొళాయి కట్టేశాడు. తన చేతికే చురుక్కుమంది. బుడ్డోడు గోడకి ఆనుకుని ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. వీపు ఎర్రగా కమిలి, అక్కడక్కడా తోలు లేచింది. కళ్ళు సగం మూసుకుపోయాయి. నాలుక అట్టముక్కలా ఎండిపోయింది. అన్ని నీళ్ళ కిందా మనిషి లోపల నీటిచుక్క లేదు.

కొళాయి ఆగిందని మాత్రం వాడికి తెలిసింది. "ఆపొద్దు నాన్నా" అన్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకున్న మనిషి, బుడ్డోడిని వెల్లకిలా పడుకోబెట్టి చూసింది, తర్వాత పక్కకి తిప్పి వీపు చూసింది. కాసేపు ఆ ఎర్రటి మచ్చలనే చూస్తూ ఉంది.

"వాంతులొచ్చినప్పుడు బాగా వేడినీళ్ళు పోసుకుంటే తగ్గుతుందంటాడా?"

మా బాత్రూము సంగతి ఈవిడకెవరు చెప్పారు, అనుకున్నాడు బాబాయి. "మీకెలా తెలుసమ్మా?"

"ఎన్నాళ్ళ నుంచి పీలుస్తున్నాడు?"

బాబాయి చొక్కా జేబులోంచి, చెమటకి తడిసి చిరుగుపట్టిన ఆ పాత పరీక్ష కాగితం తీశాడు. ఇంకా మోస్తూనే ఉన్నాడు పాపం. డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది.

"ఇది మామూలు గంజాయినే పట్టుకుంటుందండీ. ఇప్పుడు పిల్లల చేతికి ఇంకోటి వస్తోంది. ఏదో ఎండుటాకు మీద చల్లుతారు, లేకపోతే పొగ వచ్చే పెన్నులో పోసే ద్రవంలో కలుపుతారు. ఎక్కడో తయారుచేసిన రసాయనం. ఎంత కలిపాడో కలిపినవాడికే తెలీదు. అది ఈ పరీక్షకి దొరకదు."

"మావాడు అలాంటి..."

"అడుగుదాం, లేచాక. ఇవి అలవాటైన కొందరికి కడుపు ఇలా తిరగబడుతుంది. వేడినీళ్ళు ఒంటిమీద పడినంతసేపు బాధ తెలీదు, అందుకే వదలరు. మందులు కొంచెం ఆపుతాయేమో గానీ, పీల్చడం మానితే తప్ప అసలు ఆగదు. మీవాడికి ఒంట్లో నీళ్ళన్నీ బయటికి పోయాయి. ఆ రసాయనం దెబ్బ కూడా పడి ఉంటుంది. కిడ్నీలు పనిచేయడం ఆపేశాయి."

బాబాయి అన్నాడు, "పెద్ద ట్యాంకు పెట్టింది నేనేనమ్మా. బిళ్ళ తీసింది కూడా నేనే."

డాక్టరమ్మ ఓదార్చలేదు. "మీకు తెలీదు" అని మాత్రం అంది.

రక్తం కడిగే మిషను పక్కన కూర్చోవడం ఆ తర్వాత బాబాయికి అలవాటైంది. ఎర్రటి గొట్టాలు పిల్లాడి మెడ దగ్గర మొదలై మిషనులోకి వెళ్ళి తిరిగి మెడ దగ్గరికే వచ్చేవి. జీవితమంతా గొట్టాలతో గడిపిన మనిషి, ఏది లోపలికి వెళ్తోందో ఏది బయటికి వస్తోందో చెప్పకుండానే పట్టేశాడు. మిషను చూసుకునే నడివయసు ఆయనతో స్నేహం కూడా కుదిరింది.

"అన్నా, ఒక మాట. మా ట్యాంకులో సున్నం పేరుకుంటే యాసిడ్ పోసి కడుగుతాం. వీడి లోపలివి కడగడానికి ఏమీ లేదా?"

"మీ ట్యాంకు పోతే కొత్తది బిగిస్తారు కదా. ఇది దానంతట అదే తేరుకోవాలి."

"తేరుకుంటుందా?"

ఆయన మిషను మీద ఏదో బొత్తాం నొక్కుతూ ఉండిపోయాడు.

బుడ్డోడు దిండుకి ఆనుకుని కూర్చోగలిగిన రోజున తండ్రి అడిగాడు.

"ఎవడిచ్చాడురా?"

"పేరు చెప్తే ఏం చేస్తావు?"

"పైపురెంచి పట్టుకుని వెళ్తా."

"ఇంకొకడు ఇస్తాడు నాన్నా. నీ దగ్గర ఎన్ని రెంచీలున్నాయి?"

బాబాయికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "మరి ఎందుకు?"

"మొదట్లో సరదాకే. గంజాయి. తర్వాత ఆ పెన్ను, వాసన రాదని. కడుపు తిప్పుతుంటే, పీలిస్తే తగ్గుతుంది, ఆకలేస్తుందన్నారు. నిజమే అనుకుని ఇంకా పీల్చా." కాసేపు దుప్పటి అంచు మెలిపెడుతూ ఉన్నాడు. "ఆ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది కదా, అప్పుడు నాకు నిజంగా ఏమీ కాలేదనుకున్నా. నువ్వు కూడా నార్మలే అన్నావు."

తండ్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట చూడ్డానికేమీ లేదు. ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు ఒకటి, పొంగి పొర్లుతోంది. ఎవరూ కట్టేయడం లేదు.

కిడ్నీలు తేరుకున్నాయి గానీ సగమే. మిషను అవసరం తప్పింది. బరువులెత్తొద్దు, నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు, ఇంకోసారి పీలిస్తే ఈ సగం కూడా ఉంటుందని చెప్పలేం అన్నారు. ఇంటికి వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట. "అబ్బ, నయమైపోయింది! రంగు తిరిగింది!" తల్లి కూడా గుండీ కుట్టేసింది, "గండం గడిచిపోయింది" అని. అవన్నీ విన్నాడు బుడ్డోడు. కొన్నాళ్ళకి మళ్ళీ బయట తిరగడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున బాబాయి పళ్ళు తోముకుంటూ గీజరు వైపు చూశాడు. అప్పటికే పెద్ద ట్యాంకు తీసేసి, బిళ్ళ ఉన్న పాతదే బిగించుకున్నాడు. మీట ఎర్ర చుక్క దాటి చివరికంటా తిరిగి ఉంది.

ఈసారి గీజరు విప్పలేదు. నోట్లో నురగతోనే కొడుకు మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కొడుకు చూశాడు. తండ్రి చూశాడు.

"ఒక్కసారే నాన్నా. తగ్గిపోయింది కదా అని. ఒక్కసారే."

అరవలేదు, కొట్టలేదు. చొక్కా అందించాడు. ఆసుపత్రిలో మళ్ళీ రక్తం తీశారు. సగం ఉన్నది ఇంకాస్త తగ్గింది, ఆ తగ్గింది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రమే గీజరు దింపేశాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అదేం చేసింది పాపం? మనం చలికి చావాలా?"

"దాన్నేం అనట్లేదే. నొప్పొస్తే వీడు వెళ్ళి దాక్కునే చోటు మనింట్లో ఉండకూడదు. మన ముందే ఏడవాలి. మనం చూడాలి."

బుడ్డోడు గోడకున్న బోల్టు కన్నాల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఊరందరికీ వేణ్ణీళ్ళు పోయించే మనిషి ఆ రోజు నుంచి చన్నీళ్ళే పోసుకుంటున్నాడు. టీ కొట్టు దగ్గర నేను నవ్వించింది ఈ కరువు గురించే.

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. వరండాలో కూర్చుని ఎవరిదో కాయిలు మీద సున్నం గీకుతున్నాడు. లోపల బుడ్డోడు బకెట్టు నింపుకుంటున్న చప్పుడు వస్తోంది. బాబాయి చేయి గీకుతూనే ఉంది, చెవి మాత్రం ఆ చప్పుడు మీదే ఉంది.

"బాబాయ్, చివర్లో వాడికి నయమైందని ఒక్క ముక్క రాసేస్తాను. చదివేవాళ్ళకి కాస్త ఊరటగా ఉంటుంది."

ఆయన తల ఎత్తలేదు. "ఊరట కావాల్సినవాళ్ళని ఇంకేదైనా చదువుకోమను. నయమైందని మాత్రం రాయకు. ఊళ్ళోవాళ్ళు చదివితే నాకేంటి, మావాడు చదువుతాడ్రా. చదివి నమ్ముతాడు."